మార్చి మొదటి ఆదివారం

మేస్త్రీ బారీ నిచ్చెన ఎక్కి, చూరు దగ్గర మంచు గట్టిపడ్డ మొదటి వరుస రాతిపలకల మీద అరచేయి ఆనించి, చురుక్కుమన్నట్టు వెనక్కి తీసేశాడు. కిందికి దిగి చేతిని ప్యాంటుకు రుద్దుకుంటూ, "ఇళ్ళకి పొండర్రా. ఇవాళ పైకెక్కితే ఎవడో ఒకడు జారిపడి చస్తాడు. ఆ పాపం నాకొద్దు" అన్నాడు.

డారెల్ ఫిర్త్ అప్పటికే సుత్తీ మేకులూ పెట్టుకునే తోలు పటకా నడుముకి బిగించుకున్నాడు. దాన్ని విప్పబుద్ధి కాలేదు. "కాసేపాగితే ఎండొస్తుందేమో" అన్నాడు.

"వస్తే రానీ. జనవరి ఎండ మొహం చూపించి పోవడానికే గాని దేనికి పనికొస్తుంది?" బారీ వ్యాను తలుపు తీసి ఫ్లాస్కులో మిగిలిన టీ మూతలోకి ఒంపుకున్నాడు. "ఆదివారం మీకు మ్యాచ్ ఉందంటగా. ఈ మంచులోనేనా?"

"అవును. టీవీ వాళ్ళు కూడా వస్తున్నారు."

"ఒరేయ్, మంచు పడిందని నేను మిమ్మల్ని పని మానిపించి ఇంటికి పంపుతున్నాను. మీ క్లబ్బు వాళ్ళు పిలిచి మరీ మంచులోకి దించుతున్నారు. ఇందులో ఎవరి బుర్ర సరిగ్గా ఉన్నట్టు?"

డారెల్ నవ్వేశాడు. "ఇంతకంటే ఘోరమైన నేల మీద ఆడాంలే బారీ."

అది ఉత్తర ఇంగ్లండులోని ఆ కిర్క్‌షా ఊళ్ళో రగ్బీ ఆడిన ప్రతివాడి నోటా వచ్చే మాట. డారెల్ తండ్రి అనేవాడు, తండ్రితో పాటు బొగ్గుగనిలో దిగినవాళ్ళూ అనేవాళ్ళు. గని మూతపడింది గాని మాట మిగిలింది. ఆ ఘోరమైన నేల ఏ ఊళ్ళోదో, అక్కడ ఎప్పుడు ఆడారో చెప్పమంటే డారెల్ చెప్పలేడు.

ఎప్పుడూ మార్చిలో మొదలయ్యే లీగు ఈ ఏడు జనవరికి ముందుకు జరిగింది. ఆ నెలలో తమకు చూపించడానికి ఆటల్లేవు, మీరు ముందుకు జరుగుతారా అని టీవీ ఛానెల్ వాళ్ళు అడిగితే లీగు పెద్దలు సరేనన్నారు. ఈ ఒక్క ఏడాది ఇలా ఆడదాం, వచ్చే ఏడు ఎప్పుడు మొదలుపెట్టాలో మొదటి ఆటలు చూశాక అందరం కూర్చుని తేల్చుకుందాం అన్నారు. ఆ కూర్చోవడం వచ్చే బుధవారం హడర్స్‌ఫీల్డ్‌లో. ఆటగాళ్ళ తరఫున మాట్లాడడానికి ప్రతి క్లబ్బు నుంచీ కెప్టెన్ రావాలన్నారు. కిర్క్‌షా కెప్టెన్ డారెల్. ముందు వరుసలో నిలబడి ఎదుటివాళ్ళని ఢీకొట్టడం అతని పని. అది చేయమంటే ఎంతసేపైనా చేస్తాడు. మాట్లాడమంటే మాత్రం తప్పించుకునే దారి వెతుక్కుంటాడు.

ఆ సాయంత్రం ప్రాక్టీసుకి అందరూ పనుల్లోంచి నేరుగా వచ్చారు. డ్రెస్సింగ్ రూములో నొప్పుల తైలం వాసన, తడి సాక్సుల వాసన. పోస్టు పంచే కీరన్ ఆగ్డెన్ చొక్కా విప్పుతూ అరిచాడు.

"కెప్టెన్! బుధవారం నా మాటగా ఒక్కటి చెప్పు. క్రిస్మస్ నాడు మా అత్త కాల్చిన టర్కీకోడి కోసి అందరికీ వడ్డిస్తుంటే నేను ఓ మూల కూర్చుని ఉప్పూకారం లేని ఉడికించిన కోడి తిన్నాను. ఎందుకూ? మర్నాడు పొద్దున్నే ఇక్కడికొచ్చి బరువు చూపించుకోవాలి గనక. ఇదీ ఒక బతుకేనా అని అడుగు వాళ్ళని."

"ఉడికించిన కోడి ఒక్కటే తిన్నావా? మర్నాడు ఆ తూకం మిషను వేరే కథ చెప్పిందే" అన్నారు ఎవరో.

"ఆ మిషను నా మీద పగబట్టిందిరా."

బెంచీ చివర కూర్చుని చీలమండకి పట్టీ చుట్టుకుంటున్న జోయెల్ లమ్ తలెత్తకుండానే అన్నాడు. "నాకైతే జనవరే బాగుంది."

సాక్సులు, తువ్వాళ్ళు, ఎవరిదో బూటూ ఒకేసారి అతని మీద పడ్డాయి. జోయెల్ వాటి కింద నుంచే నవ్వుతూ చెప్పాడు. "నిజంరా బాబూ! బురద ఉండదు. నేల గట్టిగా ఉంటే నన్నెవడు అందుకుంటాడు?"

ఆ మాటలో గొప్పలేం లేవు. జట్టులో అందరికంటే వేగంగా పరిగెత్తేది అతనే. పగలంతా కొత్త ఇళ్ళలో వంటగదుల అలమరాలు బిగించి, సాయంత్రం ఇక్కడికొచ్చి, వింగర్‌గా మైదానం అంచున నిలబడి బంతి కోసం చేతులు రుద్దుకుంటూ ఎదురుచూస్తాడు. బంతి అందిందా, కిర్క్‌షా జనం లేచి నిలబడతారు.

"సరే, గోల ఆపండి" అన్నాడు డారెల్. "బుధవారం మనందరి తరఫునా ఒకే మాట చెప్పాలి. మార్చి కావాలన్నవాళ్ళు చేతులెత్తండి."

జోయెల్ తప్ప అందరి చేతులూ లేచాయి. అతను అటూ ఇటూ చూసి, నిట్టూర్చి, తనూ ఎత్తాడు. "మీరంతా ఒకటైతే నేనొక్కణ్ణే విలన్ని కావడం ఎందుకు?"

ప్రాక్టీసయ్యాక, మైదానం పక్కన టీ, తిండి అమ్మే టీ కిటికీ దగ్గరికి వెళ్ళారు. కిటికీ వెనక జోయెల్ తల్లి పౌలీన్ ఉంది. ఆవిడ ఆ కిటికీ వెనక ఎప్పట్నుంచి నిలబడుతోందో గాని, డారెల్ పిల్లల జట్టులో ఆడే రోజుల్లోనూ అక్కడే ఉంది. మాంసం కూరి కాల్చిన రొట్టె మీద పచ్చబఠాణీల ముద్ద ఇంత వేసి అతని ముందుకు తోసింది.

"బుధవారం నువ్వేనట మాట్లాడేది?"

"నేనే ఆంటీ."

"గట్టిగా మాట్లాడు నాయనా. నీకు మైదానంలో ఉన్న నోరు పెద్దమనుషుల ముందు ఉండదు. మొన్న మేయరొచ్చినప్పుడు చూశాగా, టోపీ నలుపుకుంటూ నిలబడ్డావు."

వెనక నుంచి జోయెల్, "అమ్మా, వాడి టోపీ సంగతి తర్వాత, నా రొట్టె సంగతి చూడు" అన్నాడు.

"నీది ఇంటికొచ్చి తిను. ఇవి ఆకలేసినవాళ్ళకి."

*

ఆదివారం పొద్దున్న మైదానం మీది పరదాలు మడిచి లాగుతుంటే అవి అట్టముక్కల్లా పెళపెళలాడాయి. ఎండ పడేవైపు గడ్డి మీద బూటు ఆనిస్తే కాస్త లోపలికి దిగుతోంది. జనం కూర్చునే పెద్ద స్టాండు నీడ పడేవైపు మాత్రం ఒక పొడవాటి పట్టీ బూడిద రంగులో ఉండిపోయింది. చలికాలంలో ఆ స్టాండు కప్పు దాటి సూర్యుడు పైకి రాడు. వచ్చేది ఫిబ్రవరి చివర్లో. అప్పటిదాకా ఆ పట్టీ మీద పడ్డ మంచు పడ్డట్టే ఉంటుంది. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలిసిందే. మార్చిలో ఆట మొదలయ్యేటప్పుడు దాని గురించి ఆలోచించాల్సిన పనే ఉండేది కాదు.

రిఫరీ పొడుగు కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని ఆ పట్టీ మీద నడిచాడు. ఒకచోట ఆగి మడమతో తన్నాడు. ఇంకోచోట వంగి తాళంచెవి గుచ్చబోయాడు. దిగలేదు. అతని వెనక క్లబ్బు చైర్మన్ నైజల్ బ్రాడ్‌బెంట్, ఆయన వెనక చెవిలో వైరు పెట్టుకున్న టీవీ మనిషి, రెండు జట్ల కెప్టెన్లూ నిలబడ్డారు. గేటు బయట జనం లైను కట్టారు. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్నవాళ్ళు, దుప్పట్లు తెచ్చుకున్న ముసలివాళ్ళు, టీ కిటికీ దగ్గర అప్పుడే ఆవిరి.

"ఈ పక్క కాస్త గట్టిగానే ఉంది" అన్నాడు రిఫరీ, ఎవరికీ కాకుండా.

"ఆట మొదలయ్యేసరికి మెత్తబడుతుందండీ" అన్నాడు బ్రాడ్‌బెంట్. పరుపుల వ్యాపారం ఆయనది. క్లబ్బు మూసేస్తారని అందరూ అనుకుంటున్న రోజుల్లో దాన్ని నెత్తికెత్తుకున్నవాడు. ఆయన గొంతు వణకడం డారెల్ గమనించాడు. చలికి కాదు. మొదటిసారి టీవీలో కనబడబోతున్న మైదానం ఇది.

రిఫరీ అవతలి జట్టు కెప్టెన్ వైపు చూశాడు. అతను భుజాలెగరేశాడు. "మాదేముంది, ఎలాగూ వచ్చేశాం."

"నువ్వేమంటావు?" అన్నాడు రిఫరీ డారెల్‌తో. మర్యాదకి అడిగినట్టు లేదు. ఎవరైనా వద్దంటే బాగుండునన్నట్టు అడిగాడు.

డారెల్ ఆ బూడిదరంగు పట్టీ వైపు చూశాడు. బారీ అరచేయి పలక మీద పెట్టి వెనక్కి లాక్కోవడం గుర్తొచ్చింది. టీవీ మనిషి గడియారం చూసుకున్నాడు. బ్రాడ్‌బెంట్ చూపు డారెల్ మొహం మీదే ఉంది. వద్దు అంటే చాలు. చిన్న మాట. 

"ఇంతకంటే ఘోరమైన నేల మీద ఆడాం" అన్నాడు.

రిఫరీ ఇంకో క్షణం అతనికేసి చూసి, తల ఊపాడు. బ్రాడ్‌బెంట్ డారెల్ వీపు మీద చరిచి, "అదీ! కిర్క్‌షా అంటే అదీ!" అన్నాడు. టీవీ మనిషి చెవిలో వైరుతో ఏదో చెప్పుకుంటూ వెళ్ళిపోయాడు. రిఫరీ ఇంకోసారి అడిగితే బాగుండునని డారెల్‌కి అనిపించింది. అతను అడగలేదు.

మొదటి సగంలో జోయెల్ ఎండవైపు ఆడాడు. ఇంటర్వెల్‌లో డారెల్ అతని పక్కన కూర్చుని, "ఇప్పుడు వైపులు మారతాం, నువ్వు స్టాండు వైపుకొస్తావు. ఆ అంచు పట్టుకుని పరిగెత్తకు. బంతి అందగానే లోపలికి తిరుగు" అన్నాడు.

"సరే కెప్టెన్."

"సరే అనడం కాదు, వింటున్నావా?"

"వింటున్నా అన్నానుగా" అన్నాడు జోయెల్, నారింజ తొన ఒకటి నోట్లో పెట్టుకుని. చలికి అతని చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. కళ్ళు మాత్రం పండగనాటి కళ్ళలా ఉన్నాయి.

ఆట మళ్ళీ మొదలైన కాసేపటికి డారెల్ ఇద్దర్ని మీదికి లాక్కుని కిందపడుతూ బంతిని వెనక్కి ఇచ్చాడు. అది ఆగ్డెన్ చేతిలోంచి ఇంకొకరికి, అక్కడి నుంచి జోయెల్‌కి చేరింది. అతని ముందు ఎవరూ లేరు. లోపలికి తిరగడానికి కారణమే లేదు. అంచు వెంబడి ఖాళీ దారి తెరుచుకుని ఉంటే అతని కాళ్ళు ఏ మాటనీ వినవు. జనం లేచారు. మోకాళ్ళ మీదున్న డారెల్ కూడా పద, పద అని అరిచాడు.

అవతలివాళ్ళలో ఒకడు అడ్డంగా వచ్చి కాళ్ళు చుట్టేశాడు. రోజూ జరిగేదే, తప్పేమీ లేని పట్టు. మెత్తటి నేలైతే ఇద్దరూ బురదలో జారి, లేచి, మట్టి ఉమ్ముకునేవాళ్ళు. జోయెల్ బూట్లకి పట్టు చిక్కలేదు. కాళ్ళు రెండూ గాల్లోకి లేచి తల ముందుగా దిగాడు. ఆ చప్పుడు స్టాండులో పై వరుస దాకా వినిపించింది. అప్పటిదాకా అరుస్తున్న జనం ఎవరో నోరు మూసినట్టు ఆగిపోయారు.

డారెల్ వెళ్ళేసరికి పట్టుకున్నవాడు దూరంగా జరిగి రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. జోయెల్ పక్కకి పడి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. బంతి ఇంకా అతని ఛాతీకి ఆనుకునే ఉంది.

"కదలకురా. డాక్టరొస్తున్నాడు."

"డారెల్."

"ఇక్కడే ఉన్నా."

"నా చేతులు ఎక్కడున్నాయో చూడు."

డారెల్ చూశాడు. ఉండవలసిన చోటే ఉన్నాయి. కుడిచేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. "ఇదిగో. పట్టుకున్నా."

"ఏదీ?" అన్నాడు జోయెల్.

టీ కిటికీ తలుపు తెరిచి, ఏప్రాన్‌తోనే, పౌలీన్ గడ్డి మీదుగా వస్తోంది. పరిగెత్తలేక, జారిపడతానేమోనని చిన్న చిన్న అడుగులు వేస్తూ వస్తోంది.

అంబులెన్సు గేటు దాటాక రిఫరీ ఇద్దరు కెప్టెన్లనీ పిలిచి ఆట కొనసాగిద్దామా అన్నాడు. టీవీ వాళ్ళకి ఇంకా టైముందట.   ఇద్దరూ ఊరుకున్నారు గనక ఆట కొనసాగింది. ఆ మ్యాచ్ కిర్క్‌షా గెలిచింది.

*

మంగళవారం మధ్యాహ్నం డారెల్ వేక్‌ఫీల్డ్ ఆసుపత్రి వరండాలో పౌలీన్ పక్కన కూర్చున్నాడు. ఆవిడ ఒళ్ళో జోయెల్ కోటు ఉంది. దాన్ని మడత పెడుతోంది, విప్పుతోంది, మళ్ళీ మడత పెడుతోంది.

"మెడలో ఎముక విరిగి నరం నలిగిందట" అంది. "భుజాల కింద ఏదీ తెలియట్లేదు. వాపు తగ్గాక ఏమైనా తెలుస్తుందేమోనని మొన్న అన్నారు. ఇవాళ పెద్ద డాక్టరు నన్ను గదిలో కూర్చోబెట్టి, ఆశ పెట్టుకోవద్దని చెప్పాడు. మంచి మనిషే పాపం. చెప్పేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు."

కోటు చేయి నేల మీదికి జారితే డారెల్ తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

"వాడికి ఇంకా చెప్పలేదు. వాడేమో ప్లాస్టరు ఎన్నాళ్ళుంటుంది, పనిలోకి ఎప్పుడు పోవచ్చు అని అడుగుతున్నాడు. ఎవరింట్లోదో వంటగది సగంలో ఉందట." కోటు మడత ఆపింది. "బ్రాడ్‌బెంట్ వచ్చాడు నిన్న. ద్రాక్షపళ్ళు తెచ్చాడు. జోయెల్ వాటిని ఎలా తింటాడనుకున్నాడో. కారులో కూర్చుని ఏడుస్తుంటే చూశాను. తిడదామనుకున్నదాన్ని, ఆ ఏడుపు చూసి ఊరుకున్నాను."

ఒక నర్సు తోపుడుబండి నెట్టుకుంటూ వాళ్ళ ముందు నుంచి వెళ్ళింది. అది మలుపు తిరిగేదాకా పౌలీన్ ఆగింది.

"రిఫరీ నిన్ను అడిగాడా, నేల ఎలా ఉందని?"

"అడిగాడు."

"ఏమన్నావు?"

డారెల్ చెప్పాడు. అదే మాట, అలవాటైన ఆ ధీమా లేకుండా చెబితే, తనకే అర్థం కానట్టుంది.

పౌలీన్ కోటు గుండీలు ఒక్కొక్కటే పెట్టింది. "మీ నాన్న కూడా అదే అనేవాడు" అంది చివరికి. "మా ఆయనా అనేవాడు. విని విని నేనూ నవ్వేదాన్ని."

"ఆంటీ, నేను..."

"వద్దు. ఇప్పుడు నాకేమీ చెప్పకు. నువ్వు చెప్పేది వింటే నేను ఏదో ఒకటి అనాలి. నాకు ఓపిక లేదు." లేచి కోటు చేతి మీద వేసుకుంది. "రేపు అక్కడ చెప్పు. వాడి పేరు పెట్టి చెప్పు. ఎవడికో దెబ్బ తగిలిందట అన్నట్టు కాదు. జోయెల్ లమ్ అని ఒకడున్నాడని, వాడికి ఇలా అయిందని, వాళ్ళు కూర్చుని వినాలి. నీ నోటితో నువ్వు చెప్పాలి."

"చెబుతాను."

"వాడితో కూడా అన్నాను, నువ్వు చెబుతావని" అంది ఆవిడ, వార్డు తలుపు తోసుకుంటూ.

*

బుధవారం హడర్స్‌ఫీల్డ్ దాకా డారెల్ వ్యానులో రేడియో పెట్టలేదు. దారంతా పైకే మాట్లాడుకున్నాడు. నా పేరు డారెల్ ఫిర్త్, నేను ఇళ్ళ పైకప్పుల పని చేస్తాను అని మొదలుపెట్టాడు. అది వాళ్ళకెందుకు అనిపించి తీసేశాడు. మా జట్టులో జోయెల్ లమ్ అనే కుర్రాడున్నాడు. ఉన్నాడు అనాలా, ఉండేవాడు అనాలా? సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పక్క కారులో పిల్ల అతని పెదాలు కదలడం చూసి నవ్వింది. మార్చిలో నేల మెత్తబడుతుంది, మార్చిలో ఆడి ఉంటే ఇది జరిగేది కాదు, నన్ను అడిగినప్పుడు నేను వద్దనలేదు, అది నా తప్పు, కానీ ఆ ప్రశ్న నా దాకా రాకుండా ఉండవలసింది. అక్కడికొచ్చేసరికి మాటలు కుదిరాయి. మళ్ళీ మళ్ళీ చెప్పుకుని బాగా పట్టు చిక్కించుకున్నాడు.

మీటింగు పెట్టిన హోటలు పై అంతస్తులో పొడవాటి బల్ల, గోడవారన టీ, బిస్కెట్లు. ప్రతి క్లబ్బు నుంచీ చైర్మన్, పక్కన కెప్టెన్. కెప్టెన్లంతా పెళ్ళికొచ్చినట్టు బిగుతు చొక్కాల్లో ఉన్నారు. బ్రాడ్‌బెంట్ డారెల్ కోసం కుర్చీ పట్టి ఉంచాడు.

బల్ల చివర నీలం సూటు వేసుకున్న లీగు అధికారి కళ్ళజోడు సవరించుకుని లేచాడు. "ముందుగా, ఈ వారం మన ఆటల్లో కొందరికి దెబ్బలు తగిలాయి. వాళ్ళంతా త్వరగా కోలుకోవాలని మనందరి కోరిక. ఇక మొదటి విషయం, సీజన్ ఎప్పుడు మొదలుపెట్టాలన్నది. దీని మీద ఇవాళ గంటల తరబడి వాదించుకుంటామని భయపడ్డాను. అదృష్టవశాత్తూ ఆ అవసరం లేకుండా పోయింది."

డారెల్ కుర్చీ అంచుకి జరిగాడు.

"ఛానెల్ వాళ్ళు నిన్న సాయంత్రం ఫోన్ చేశారు. వచ్చే జనవరికి వాళ్ళకి డార్ట్స్ బాణాలు విసిరే పోటీలు దొరికాయట. ఆ ఖాళీ అలా నిండిపోయింది. మన ఆట వాళ్ళకి మార్చిలోనే కావాలి. కాబట్టి వచ్చే ఏడు ఎప్పట్లాగే మార్చి మొదటి ఆదివారం మొదలుపెడతాం. మీలో చాలామంది కోరుకున్నదీ అదేనని నాకు తెలుసు."

బల్ల చుట్టూ చప్పట్లు. ఎవరో బల్ల మీద వేళ్ళతో దరువు వేశారు. ఎదురుగా కూర్చున్న కెప్టెన్ డారెల్ వైపు చూసి బొటనవేలు ఎత్తాడు.

"రెండో విషయం, రిఫరీల చొక్కా రంగు..."

తను లేచి నిలబడ్డానని డారెల్‌కి కాసేపటికి గాని తెలియలేదు. అధికారి మాట ఆపి, చిరునవ్వుతో అతని వైపు తిరిగాడు. "కిర్క్‌షా కెప్టెన్ గారు కదూ? చెప్పండి. మీరడిగిందే కదా ఇది?"

అందరూ స్నేహంగానే చూస్తున్నారు. దారంతా కూర్చుకున్న మాటల కోసం డారెల్ వెతికాడు. అవన్నీ మార్చి కావాలని అడిగే మాటలే. మార్చి ఇచ్చేశారు. అడిగింది ఇచ్చినవాళ్ళ ముందు నిలబడి ఇంకేం అడగాలి? జోయెల్ పేరు నాలుక మీదే ఉంది. దాన్ని ఏ వాక్యంలో పెట్టాలో తెలియలేదు. బ్రాడ్‌బెంట్ చేయి అతని మోచేతికి తగిలింది. లాగడానికి కాదు, ఊరికే పట్టుకోవడానికి.

"అవునండీ" అన్నాడు డారెల్. "అదే."

కూర్చున్నాడు. చొక్కాలు పసుపు రంగులో ఉంటే టీవీలో బాగా కనిపిస్తాయని ఒకాయన, గులాబీ అయితే ఇంకా బాగుంటుందని ఒకాయన వాదించుకున్నారు. దాని మీదే చాలాసేపు గడిచింది.

బయట మెట్ల దగ్గర బ్రాడ్‌బెంట్ కాగితం ప్లేటులో రెండు శాండ్‌విచ్‌లు పట్టుకుని నిలబడ్డాడు. తినడం లేదు. "ఏదో విధంగా మంచే జరిగిందిలే డారెల్" అన్నాడు. డారెల్ మెట్లు దిగుతుంటే, "జరగలేదంటావా?" అని అడిగాడు. ఆయన కళ్ళ కింద చర్మం వేలాడుతోంది. ఆదివారం నుంచీ సరిగ్గా నిద్రపోయినట్టు లేదు. డారెల్ తాళాలు తీసుకుని వ్యాను వైపు నడిచాడు.

*

వార్డులో జోయెల్ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. తలకి అటూ ఇటూ ఇనుప కమ్మీలు. పైకప్పు తప్ప అతనికి ఏదీ కనిపించదు. పౌలీన్ టీ తాగడానికి కిందికి వెళ్ళిందని నర్సు చెప్పింది.

"ఎవరూ?"

"నేనే."

"కనబడేలా రా. ఇక్కడికొచ్చినవాళ్ళంతా గొంతులే, మనుషులు లేరు."

డారెల్ మంచం మీదికి వంగాడు. ఆ వంపులో నడుము నొప్పెట్టింది. అలాగే ఉన్నాడు.

"ఏంటి, కొత్త చొక్కా వేశావు?" అన్నాడు జోయెల్. "ఓహో, ఇవాళ మీటింగు కదూ. ఏమైంది?"

"మార్చి. వచ్చే ఏడు మార్చి మొదటి ఆదివారం."

"ఒప్పుకున్నారా! ఆగ్డెన్ గాడు వాళ్ళ అత్తింట్లో ఇక టర్కీ తింటాడన్నమాట." నవ్వబోయి, నవ్వితే ఎక్కడో నొప్పి పుట్టి ఆగాడు. కళ్ళు పైకప్పు మీదికి వెళ్ళి మళ్ళీ డారెల్ మొహం మీదికి వచ్చాయి. "పొద్దున్న పెద్ద డాక్టరొచ్చాడు. అమ్మకి చెప్పిందే నాకూ చెప్పాడు. నాకు తెలుసని అమ్మకి తెలియదు. నువ్వు చెప్పకు."

డారెల్ సరేనని తల ఊపాడు. 

"నా గురించి మాట్లాడావా? మాట్లాడతావని అమ్మ అంది."

వార్డులో ఎక్కడో ఒక మిషను ఆగకుండా కీచుమంటోంది. పక్క మంచం మీది ముసలాయన నిద్రలో దగ్గాడు.

"మాట్లాడాను" అన్నాడు డారెల్.

"పేరు చెప్పావా?"

"చెప్పాను. జోయెల్ లమ్, కిర్క్‌షా వింగర్ అని చెప్పాను."

"వాళ్ళేమన్నారు?"

"ఏమీ అనలేదు. లేచి నిలబడ్డారు."

"అందరూనా?"

"అందరూ. అందరికంటే ముందు లేచింది మన బ్రాడ్‌బెంటే."

జోయెల్ కళ్ళు మూసుకున్నాడు. కనుకొలకుల్లోంచి నీళ్ళు పక్కలకి జారి చెవుల వైపు వెళ్ళాయి. "చెవిలోకి పోతున్నాయిరా. తుడువు" అన్నాడు.

డారెల్ జేబులో రుమాలు కోసం చూశాడు. లేదు. కొత్త చొక్కా చేతిని కిందికి లాగి దాంతో తుడిచాడు.

"రెండోది కూడా."

అటువైపు వెళ్ళి అదీ తుడిచాడు.

"ఇంకా చెప్పు" అన్నాడు జోయెల్, కళ్ళు మూసుకునే. "ఎంతసేపు నిలబడ్డారు?"

డారెల్ కుర్చీ మంచం పక్కకి లాక్కుని కూర్చున్నాడు. ఇప్పుడతను జోయెల్‌కి కనిపించడు. చాలాసేపు నిలబడ్డారని చెప్పాడు. కుర్చీల చప్పుడు కూడా లేదని, టీ పోసే ఆమె కూడా గిన్నె పక్కన పెట్టి నిలబడిందని, నీలం సూటు పెద్దమనిషి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడని చెప్పాడు. ఆ తర్వాత ఎవరెవరు ఏమేమన్నారో, ఒక్కొక్కరి గొంతుతో, ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాడు.